నిండు గ్లాసు

మట్టయ్య కారు తుడవడానికి ఒక వరస ఉంది. ముందు అద్దాలు, ఆ తర్వాత తలుపుల పిడులు, సీట్లు, చిట్టచివర చక్రాలు. కొత్తపేటలో పట్టాభి గారి తెల్ల మారుతి కారుకు పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్న ఆరున్నరకు ఈ స్నానం తప్పలేదు. వాన కురుస్తున్నా తప్పలేదు. వానలో కడగడమేమిటని వీధిలో ఎవరైనా నవ్వితే, "వాన దాని తీరున అది కడుగుతది, నా తీరున నేను కడుగుత" అని బకెట్టు పక్కకు జరుపుకునేవాడు.

తుడవడం అయ్యాక స్టీలు గ్లాసు తీశాడు. కుళాయి కింద పట్టి, అంచుకు గోరంత తక్కువగా నీళ్ళు నింపి డాష్‌బోర్డు మీద పెట్టాడు. జారకుండా దాని కింద సైకిల్ ట్యూబు ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ నీళ్ళు తాగడానికి కాదు, చల్లడానికీ కాదు. సాయంత్రం కారు దిగేటప్పుడు కూడా గ్లాసులో అన్ని నీళ్ళే ఉంటే ఆ రోజు బండి నడిపినట్టు. ఒలికితే తోలినట్టు. నడపడానికీ తోలడానికీ తేడా తెలియని డ్రైవర్లే లోకంలో ఎక్కువని మట్టయ్య నమ్మకం. ఆ నమ్మకంలో కాస్త గర్వం కూడా ఉంది. ఉండనిద్దాం, ఆ మనిషికి ఉన్న గర్వమల్లా అదొక్కటే.

యాభై ఎనిమిదేళ్ళ మట్టయ్య పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కిటికీ ఎండకు కుడి ముంజెయ్యి ఎడమదానికంటే బాగా నల్లబడింది. కుడికాలి చెప్పు ఎడమకాలి చెప్పుకంటే ఆర్నెల్ల ముందే అరిగిపోతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో నల్లగొండ జిల్లా చిట్యాల పక్క పల్లె నుంచి వచ్చి, మలక్‌పేటలో పందెం గుర్రాలను తీసుకెళ్ళే వ్యానులో క్లీనరుగా చేరాడు. ఆ వ్యాను నడిపే ఉస్తాద్ నేర్పిన విద్యే ఈ గ్లాసు. వెనక నిలబడ్డ గుర్రానికి బ్రేకు పడ్డ సంగతి తెలియకూడదు, తెలిసిందంటే దాని కాలు మడతపడుతుంది, మన నౌకరీ కూడా మడతపడుతుంది అనేవాడు ఉస్తాద్. ప్రయాణానికి ముందు మేత పెట్టకూడదు, మొహం ముందుకే ఉండేట్టు కట్టాలి, దాని వాసన పట్టిన దుప్పటే కప్పాలి, గాలి ఆడాలి. ఇవన్నీ మట్టయ్య అక్కడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత గుర్రాలు పోయి పెళ్ళిళ్ళ జీపులు వచ్చాయి, జీపులు పోయి స్కూలు వ్యాన్లు వచ్చాయి, చివరికి పట్టాభి గారి కారు వచ్చింది. గ్లాసు మాత్రం అదే.

కారు తలుపు తెరిచిపెట్టి మట్టయ్య నాలుకతో చిన్నగా టకటకమని చప్పుడు చేశాడు. వరండాలోంచి కుక్కపిల్ల పరుగున వచ్చింది. నాలుగు నెలలది. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది. ఆగస్టు వానల్లో దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో గోడ పక్కన తడుస్తుంటే పట్టాభి గారి భార్య కుసుమకుమారి కొంగులో చుట్టుకుని తెచ్చింది. గుండ్రంగా, బెల్లం రంగులో ఉందని బొబ్బట్టు అని పేరు పెట్టింది. మట్టయ్య వైపు బొబ్బట్టును పోలె అంటారు, అతను అలాగే పిలుస్తాడు. కుక్కపిల్ల రెండు పేర్లకూ పలుకుతుంది. ఈ ఊళ్ళో బతకడానికి ఆ మాత్రం సర్దుబాటు దానికి అప్పుడే వచ్చేసింది. మనుషులకే ఇంకా రాలేదు.

బొబ్బట్టు తనంతట తాను కారెక్కి, ముందు సీటు కింద కాళ్ళు పెట్టుకునే చోట పరిచిన పాత నేత చీర ముక్క మీద చుట్టుకుని పడుకుంది. మట్టయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మూడు వారాల కిందట ఇదే కుక్కపిల్ల తాళంచెవి చప్పుడు వింటే చాలు, బాత్రూములో బకెట్టు వెనక నక్కి గజగజ వణికేది.

ఆ రోజు పట్టాభి గారి ప్రయాణం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలయింది. బస్సులు డిపోల్లో నిలబడ్డాయి, స్కూళ్ళు మూతపడ్డాయి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. వాటిలో ఒకదాంట్లో ఫిజిక్సు చెప్పే పట్టాభి గారిని బెజవాడ కాలేజీ ఒకటి రమ్మంది. పిల్లలు లేని సంసారం, సామాన్ల లారీ నిన్ననే వెళ్ళిపోయింది. మట్టయ్య కారులో తీసుకెళ్ళి దింపితే తిరిగి రావడానికి బస్సు లేదు, రైలు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. అందుకని పట్టాభి గారే నడుపుకుంటూ వెళ్ళాలని నిర్ణయమైంది. లైసెన్సు ఉంది గానీ అప్పటికి ఆయన స్టీరింగు పట్టి పదేళ్ళు దాటింది. హయత్‌నగర్ దాకా మట్టయ్య వెంట వెళ్ళి దిగిపోతాడు.

చిక్కంతా బొబ్బట్టుతోనే వచ్చింది. పట్టాభి గారు చెడ్డవారు కాదు, కొలతల మనిషి. "రెండు కిలోమీటర్లకోసారి కక్కేదాన్ని పెట్టుకుని రెండు వందల డెబ్భై కిలోమీటర్లు ఎలా వెళ్తాం కుసుమా? మనకంటే దానికే ఎక్కువ హింస. హయత్‌నగర్ దాకా చూద్దాం. అక్కడిదాకా కక్కకుండా వస్తే మనతోనే వస్తుంది. కక్కితే మట్టయ్యతో దిగిపోతుంది."

కుసుమకుమారి కుక్కపిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "మట్టయ్యకైతేనే ఇస్తాను, ఇంకెవరికీ ఇవ్వను" అని కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మట్టయ్య కర్మన్‌ఘాట్‌లో ఒంటి గది కిరాయికి తీసుకుని ఒక్కడే ఉంటాడు. భార్య పెంటమ్మ పోయి నాలుగేళ్ళయింది, కూతురు గీత నల్లగొండలో కాపురం చేసుకుంటోంది. సాయంత్రం గది తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణి లేదు. కుక్కపిల్ల కక్కితే అది అతనిదవుతుంది. కక్కకుండా చూడాల్సినవాడు కూడా అతనే.

అయినా మట్టయ్య పనిలో లోటు చెయ్యలేదు. జబ్బు ఎక్కడుందో అతనికి మొదటి రోజే తెలిసిపోయింది. కుసుమకుమారి వాళ్ళ ఇంట్లో ఎక్కడికి బయల్దేరినా పెరుగులో పంచదార కలుపుకుని చెంచాడు తిననిదే గడప దాటరు. ప్రయాణం శుభంగా సాగుతుందట. పెద్దవాళ్ళకు చెంచాడు, ముద్దు ఎక్కువై కుక్కపిల్లకు గిన్నెడు. కారెక్కిన ప్రతిసారీ దానికి శుభం జరుగుతూనే ఉంది, సీటు కడుగుతూనే ఉన్నారు. పైగా కారులో మల్లెపూల సెంటు సీసా ఒకటి వేలాడుతూ ఉండేది. ఆ వాసనకు మనుషులకే తల తిరుగుతుంది. వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. బొబ్బట్టు కారెక్కి వెళ్ళిందల్లా పశువుల డాక్టరు దగ్గరికే.

"అమ్మా, బండెక్కితే సూది గుచ్చుతరని దానికి ఎరుకైంది. మనను గట్ల జేస్తే మనమెక్కుతమా?" అన్నాడు మట్టయ్య.

"మరేం చెయ్యాలంటావు?"

"ఖాళి కడుపుతోని ఎక్కాలె. మంచి జాగకు పోవాలె. జర నిమ్మళంగ కావాలె."

"నోరు తీపి చెయ్యకుండా ఎలా బయల్దేరదీస్తాం మట్టయ్యా?"

"చేరినంక చెయ్యుండ్రి."

సెంటు సీసా ఆ రోజే తీసి చెత్తబుట్టలో పడేశాడు. మర్నాటి నుంచి ఓనమాలు మొదలయ్యాయి. రెండు రోజులు కారు కదలనే లేదు. నాలుగు తలుపులూ తెరిచిపెట్టి, తన గది నుంచి తెచ్చిన చీర ముక్క పరిచి, మట్టయ్య లోపల కూర్చుని బీడీ అయినా కాల్చకుండా పేపరు చదివాడు. కుక్కపిల్ల గేటు దగ్గర కూర్చుని అతన్ని చదివింది. మూడో రోజు మధ్యాహ్నం మెల్లగా వచ్చి చీర మీద పడుకుంది. తర్వాత రెండు రోజులు ఇంజను చప్పుడు ఒక్కటే. తర్వాత గేటు దాకా, వీధి చివరిదాకా, రైతుబజారు దాకా. కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉండాలి. ఆవలింత వస్తే మొదటి గుర్తు, మూతి నాక్కుంటే రెండో గుర్తు, చొంగ కారితే మూడోది. మూడో గుర్తుకు బండి ఆగాలి, కుక్కపిల్ల నేల మీద నాలుగు అడుగులు వెయ్యాలి. డొక్కలు ఎగరడం మొదలయ్యాక ఇక చేసేదేమీ ఉండదు.

రెండో వారంలో నాదర్‌గుల్ తీసుకెళ్ళాడు. అక్కడ విమానాలు నడపడం నేర్పే మైదానం ఉంది. కంచె ఇవతల గడ్డిలో వదిలిపెడితే, నెత్తి మీదుగా వెళ్ళిన బుల్లి విమానాన్ని చూసి బొబ్బట్టు మొరిగింది. విమానం వెళ్ళిపోయింది. తనకు భయపడే వెళ్ళిపోయిందని తేల్చుకుని తోక ఊపింది. ఆ మర్నాటి నుంచి తాళంచెవి చప్పుడు వింటే బకెట్టు వెనక్కి కాదు, కారు దగ్గరికే పరిగెత్తింది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. మట్టయ్య నడిపితే నాదర్‌గుల్ వెళ్ళి వచ్చిన కుక్కపిల్ల, మూడు రోజుల కిందట పట్టాభి గారు నడిపితే రైతుబజారు దాటకముందే కక్కేసింది. పట్టాభి గారు కారాపి, "చూశావుగా కుసుమా" అన్నారు.

మట్టయ్య సీటు తుడిచి, చేతులు కడుక్కుని వచ్చాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు. "సారూ, తప్పు కుక్కది గాదు."

"మరెవరిది?"

మట్టయ్య గ్లాసు నింపి డాష్‌బోర్డు మీద పెట్టి, నడపమన్నాడు. వీధి మలుపు తిరక్కముందే సగం నీళ్ళు పట్టాభి గారి పంట్లాం మీదికి వచ్చాయి.

"అదేంటయ్యా, నేను ముప్పై ఏళ్ళుగా జడత్వం పాఠం చెబుతున్నాను."

"చెప్పుడు వేరు సారూ, తొక్కుడు వేరు. బ్రేకు మీద కాలు వెయ్యొద్దు, ఆనియ్యాలె. గ్లాసు దిక్కు చూడకుండ్రి, తొవ్వ దిక్కు చూడుండ్రి. ముంగట ఆటో ఆగుతదని మనకు ఎరుకే గద, ముందుగాలనే కాలు తియ్యాలె."

మూడు రోజులపాటు కొత్తపేట వీధుల్లో ఫిజిక్సు మాస్టారు గ్లాసుకు ఎదురుగా కూర్చుని పాఠం నేర్చుకున్నారు. మొదటి రోజు పంట్లాం మూడుసార్లు తడిసింది. రెండో రోజు ఒకసారి తడిసింది. మూడో రోజు నీళ్ళు ఊగాయి గానీ దిగలేదు. ఆ మూడు రోజులూ కుక్కపిల్లను ఎక్కించలేదు. అది కక్కదని ఎవరూ హామీ ఇవ్వలేరు, మట్టయ్య కూడా.

తొమ్మిది గంటలకు ఇల్లు ఖాళీగా, గొంతు ఎత్తితే మారుమోగేట్టు ఉంది. కుసుమకుమారి వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చింది. పెరుగు, అందులో పంచదార, అందులో చెంచా. గుమ్మం దగ్గర మట్టయ్య మొహం చూసి ఆగింది. లోపలికి వెళ్ళి, గిన్నె మీద పళ్ళెం మూసి గట్టు మీద పెట్టి వచ్చింది.

"నువ్వూ తినలేదేం?" అన్నారు పట్టాభి గారు.

"పసిదాన్ని పస్తు పెట్టి మనం తింటామా ఏంటండీ? పదండి."

పుట్టి బుద్ధెరిగాక నోరు తీపి చేసుకోకుండా ఆవిడ బయల్దేరిన ప్రయాణం అదొక్కటే.

పట్టాభి గారు స్టీరింగు ముందు, ఆయన పక్కన మట్టయ్య, మట్టయ్య పాదాల దగ్గర బొబ్బట్టు, వెనక సీట్లో కుసుమకుమారి. ఇంటి తాళంచెవి మట్టయ్య జేబులో ఉంది, తిరిగొచ్చి ఇల్లు ఊడ్చి పై అంతస్తులో ఉండే ఓనరుకు ఇవ్వాలి. కారు కదిలింది. గ్లాసులో నీళ్ళు ఒకసారి ఊగి సర్దుకున్నాయి. కొత్తపేట దాటింది. మొన్న కక్కిన రైతుబజారు దాటింది. కుసుమకుమారి వెనక నుంచి ప్రతి నిమిషానికీ "ఎలా ఉంది?" అని అడుగుతోంది. "మంచిగనే ఉన్నది" అంటున్నాడు మట్టయ్య. పట్టాభి గారి నుదుటి మీద చెమట పట్టింది.

ఎల్బీనగర్ చౌరస్తాకు అరకిలోమీటరు ఇవతల బళ్ళు నిలిచిపోయాయి. ముందు నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. సమ్మెవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ముందున్న కారు పది అడుగులు కదిలి ఆగుతుంది, ఇంకో పది అడుగులు కదిలి ఆగుతుంది. ఎంత నేర్చుకున్నా అలాంటి చోట ఎవరి కాలైనా తడబడుతుంది. కారు ఒకసారి గుద్దుకున్నట్టు ఆగింది. గ్లాసులోంచి రెండు చుక్కలు దూకాయి.

బొబ్బట్టు ఆవలించింది. మూతి నాక్కుంది. డప్పుల చప్పుడు పెరిగేసరికి తోక కాళ్ళ మధ్యకు లాక్కుంది. చీర మీద చొంగ సన్నటి తీగలా కారింది.

మూడు గుర్తులూ అయిపోయాయి. కుసుమకుమారికి వెనక నుంచి కనిపించదు, పట్టాభి గారి చూపు రోడ్డు మీద ఉంది. చూసినవాడు మట్టయ్య ఒక్కడే. ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చుంటే చాలు, మిగతాది కుక్కపిల్ల చూసుకుంటుంది. ఎవరూ తప్పు పట్టరు. సాయంత్రం గది తలుపు తీస్తే బెల్లం రంగు ముద్ద ఒకటి ఎదురొస్తుంది. మట్టయ్యకు ఆ ఆశ కలిగింది. కలగలేదని చెబితే అబద్ధం.

చొంగ పడ్డ ఆ చీర పెంటమ్మది.

పెళ్ళయిన ఏడాదికి మట్టయ్య కొత్తగా జీపు నడుపుతున్న రోజుల్లో పెంటమ్మను మొదటిసారి పట్నం తెచ్చాడు. పొద్దున్నే చద్దన్నం కడుపునిండా తినిపించి, పెళ్ళికి వెళ్ళే పదిమంది మధ్య ఇరికించి కూర్చోబెట్టి, మొగుడి సత్తా చూడమని జీపు దౌడు తీయించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతూనే ఆమె రోడ్డు మీద కక్కుకుంది. అక్కడున్న డ్రైవర్లు నవ్వారు. "డ్రైవర్ పెండ్లానివై బండ్ల కూసునుడు రాదా? నా ఇజ్జత్ తీస్తివి గద" అన్నాడు మట్టయ్య, అందరూ వినేట్టు. పెంటమ్మ కొంగుతో జీపు తలుపు తుడిచింది. "ఇగ నేను బండెక్క" అంది, కోపంగా కూడా కాదు. ఆ తర్వాత పాతికేళ్ళు బతికింది గానీ మళ్ళీ ఎక్కలేదు. పట్నం నుంచి ఊరికీ, ఆ తర్వాత చుట్టాల ఊళ్ళకూ నడిచే వెళ్ళింది. ఆమె ఊళ్ళోనే ఉండిపోతే, మట్టయ్య శని ఆదివారాలు వెళ్ళి వచ్చేవాడు. భార్య పక్క సీట్లో కూర్చోగా నడిపిన రోజు అతని సర్వీసులో ఒక్కటీ లేదు. ఖాళీ కడుపు, ముందు సీటు, తెరిచిన కిటికీ, నిమ్మళంగా నడపడం, ఇవన్నీ ఆనాటికే అతనికి తెలుసు. గుర్రాలకు చేసిన మర్యాద పెళ్ళానికి చెయ్యలేదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు గానీ, ఆమె పోయిన రోజు నుంచీ గొంతులో ముల్లులా ఉంది.

"సారూ, ఆపుండ్రి" అన్నాడు మట్టయ్య. "ఇంజన్ బందు చెయ్యుండ్రి. దీన్ని దించాలె."

కుక్కపిల్లను చంకన పెట్టుకుని దిగాడు. మొదట రోడ్డు పక్కకు తీసుకెళ్ళి నేల మీద నాలుగు అడుగులు వేయించాడు. డొక్కలు కుదురుగానే ఉన్నాయి. కానీ డప్పుల మోతకు వణుకు తగ్గలేదు. భయం పోకుండా మళ్ళీ ఎక్కిస్తే చౌరస్తా దాటేలోపు కక్కుతుంది. మట్టయ్య ఒక్క క్షణం ఆలోచించి, చప్పుడుకు దూరంగా కాదు, చప్పుడు వైపే నడిచాడు.

రోడ్డు మధ్య మూడు రాళ్ళ పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. గులాబీ కండువాలు కట్టుకున్నవాళ్ళు నినాదాలు ఇస్తున్నారు. అంచున నిలబడి డప్పు కొడుతున్న పెద్దాయనను మట్టయ్య ఎరుగును. చంపాపేట అంతయ్య.

"అన్నా, జర మెల్లగ కొట్టు. దీనికి భయమైతుంది."

అంతయ్య చెయ్యి ఆపి కుక్కపిల్లను చూశాడు. "ఇదేందిరా మట్టిగా, కుక్కపిల్లను ఉద్యమంలకు తెచ్చినవా?" అని వంగి డప్పు దాని మూతి దగ్గర పెట్టాడు. బొబ్బట్టు వెనక్కి తగ్గింది. వాసన చూసింది. అది చర్మమని తెలిసింది. ముందు భయంగా ఒకసారి, తర్వాత ఇష్టంగా నాలుగైదుసార్లు నాకింది. అంతయ్య వేళ్ళతో సన్నగా దరువు వేశాడు. అది చెవి నిలబెట్టి వింది. ఇంకాస్త గట్టిగా వేశాడు. తోక కాళ్ళ మధ్య నుంచి బయటికి వచ్చి ఊగింది. ఇంతసేపూ తనను భయపెట్టింది నాకడానికి ఇంత బాగుంటుందని ఎవరు చెప్పారు దానికి?

"కారు ఎవరిది? ఎక్కడికి పోతున్నరు?" అని ఒక కండువా మనిషి అడిగాడు.

"మా సారుది. బెజవాడకు పోతున్నరు."

చుట్టూ ఉన్నవాళ్ళ తలలు ఒక్కసారి కారు వైపు తిరిగాయి. దూరాన కారులో పట్టాభి గారు స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"పదకొండేండ్లు ఆయన ఉప్పు తిన్న" అన్నాడు మట్టయ్య. "మన రాష్ట్రం మనకు రావాలె, నేను గూడ జై తెలంగాణనే. గని ఈ కుక్కపిల్ల హయత్‌నగర్ దాక కక్కకుండ పోవాలె. గది ఇయ్యాల నా పని."

కండువా మనిషి బొబ్బట్టును, మట్టయ్యను మార్చి మార్చి చూసి నవ్వేశాడు. "పోనియ్‌రి. తిని పొమ్మను, అన్నమైంది."

విస్తరాకులో వేడన్నం, పప్పు కారు దగ్గరికే వచ్చాయి. పట్టాభి గారు దిగి, రోడ్డు మీద నిలబడి తిన్నారు. ఆకులో మెతుకు మిగల్చలేదు. ఒకావిడ ముద్ద కలిపి కుక్కపిల్ల నోటికి అందించబోతే, మట్టయ్య కంటే ముందు కుసుమకుమారే అడ్డు పడింది.

"వద్దమ్మా, చేరాక పెడతాను. ప్రయాణం ముందు దానికి పెట్టకూడదు."

మట్టయ్య మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు.

దారి ఇచ్చారు. చౌరస్తా దాటగానే రోడ్డు ఖాళీగా పరుచుకుంది. పట్టాభి గారిలో ఏదో బిగువు సడలింది. భుజాలు దిగాయి. వనస్థలిపురం మలుపు దగ్గర ఆటో ఒకటి అడ్డంగా వస్తే, ఆయన అంత దూరం నుంచే కాలు తీసి బ్రేకు మీద ఆనించారు. గ్లాసులో నీళ్ళు కదిలినట్టే కదిలి నిలబడ్డాయి. మట్టయ్య ఓరకంట చూశాడు. ఉస్తాద్ బతికుంటే ఆ బ్రేకుకు భళా అనేవాడు. ఆటోనగర్ దాటింది. బొబ్బట్టు చీరలో మూతి దూర్చి, నోరు కొంచెం తెరిచి, నిద్రపోయింది. నిద్రపోయే కుక్క కక్కదు. హయత్‌నగర్ వచ్చింది.

కారు రోడ్డు పక్కన ఆగింది. ముగ్గురూ వంగి దాని వైపు చూశారు. పొట్ట లేస్తోంది, పడుతోంది. చొంగ చార తప్ప చీర ముక్క పొడిగా ఉంది. కుసుమకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టాభి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మట్టయ్యకు గెలిచినట్టు ఉంది, ఒళ్ళంతా తేలికైనట్టు ఉంది. బతుకులో తన పనిని ఇంకొకరు ఇలా వంగి చూడటం అతనికి అదే మొదలు. బండి బాగా నడిపేవాడి పని ఎవరికీ కనబడదు. కుదుపు ఉంటేనే డ్రైవరు గుర్తొస్తాడు.

లేపకుండా, పాదాలు మెల్లగా తీసి దిగాడు. కుసుమకుమారి ముందు సీట్లోకి వచ్చింది. "ఈ చీర నీదేగా, తీసుకో మట్టయ్యా" అంది గుసగుసగా.

"ఉండనియ్యుండ్రమ్మా. దాని మీదనే పండుతది. గా చీర కట్టుకున్నామె బండెక్కకపాయె, చీరనన్న పోనియ్యుండ్రి."

ఆవిడకు అర్థమయిందో లేదో, తల ఊపింది. పట్టాభి గారు గ్లాసు తీసి ఇవ్వబోయారు. మట్టయ్య చెయ్యి ముందుకు చాచలేదు.

"అది బండిల ఉండాలె సారూ. ఇప్పుడు నడిపేది మీరు."

కారు కదిలి, పెద్ద అంబర్‌పేట వైపు చిన్నదైపోయింది. కుదుపు లేకుండానే వెళ్ళింది.

మట్టయ్య కొంత నడిచి, కొంత ఎవరో బండి మీద ఎక్కించుకుంటే వచ్చి, మధ్యాహ్నానికి కొత్తపేట చేరాడు. ఖాళీ గదులు ఊడ్చాడు. గేటు దగ్గర బకెట్టు బోర్లించాడు. వరండా మెట్టు మీద ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మూడయింది. మూడున్నరయింది. నాలుగు దాటాక పట్టాభి గారి ఫోను వచ్చింది.

"మట్టయ్య గారూ, చేరాం."

గారు అన్నది ఎవరినో అని మట్టయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఒక్కసారి కూడా కక్కలేదండీ. నకిరేకల్ దగ్గర దించి నడిపించాను, కోదాడలో దించాను. గ్లాసులో నీళ్ళున్నాయి. సూర్యాపేటలో నాలుగు చుక్కలు ఒలికాయి, అది లారీవాడి తప్పు, నాది కాదు." ఆయన గొంతు పరీక్ష పాసైన కుర్రాడి గొంతులా ఉంది. వెనక నుంచి కుసుమకుమారి "నోరు తీపి చేశానని చెప్పండి" అంటోంది, బొబ్బట్టు మొరుగుతోంది.

"మంచిగ నడిపిన్రు సారూ" అన్నాడు మట్టయ్య. ఉస్తాద్ తనను ఒకే ఒక్కసారి మెచ్చుకున్న మాట అది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. గొంతులో ముల్లు పూర్తిగా పోలేదు, కానీ మింగుడు పడింది. పెంటమ్మ చీర బెజవాడ చేరింది. తోవంతా నిమ్మళంగా చేరింది. సాయంత్రం గది తలుపు తీస్తే ఎవరూ ఎదురురారు, నిజమే. అయినా అతనికి నవ్వే వచ్చింది.

లేచి, ఓనరుకు తాళంచెవి ఇచ్చేముందు వంటింటి కిటికీ మూద్దామని లోపలికి వెళ్ళాడు. గట్టు మీద పళ్ళెం మూసిన గిన్నె ఉంది. మూత తీశాడు. ఎవరూ ముట్టని పెరుగు, కరిగిన పంచదారకు అంచు వెంట ఊరిన పల్చటి నీరు, పొద్దున్న పెట్టినచోటే ఉన్న చెంచా. చేరినంక చెయ్యమన్నవాడు తనే కదా అని, మట్టయ్య ఆ చెంచా అందుకున్నాడు.